కంటతడి పెట్టించిన మీటింగు

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా ఇంట్లో నవ్వుతారు. ముప్పై నిండలేదు, నీకప్పుడే ‘ఆ రోజులు’ ఏమిటే అని మా అమ్మ దీర్ఘం తీస్తుంది. నిజమే. నేను చెప్పబోయే రోజుల్లో ఎడ్లబండ్లు లేవు, కిరసనాయిలు దీపాలూ లేవు, అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లే ఉన్నాయి. అయినా నా మటుకు అవి ఆ రోజులే. ఎందుకంటే, ఒక మాటను కాగితం మీద పద్ధతిగా రాసి, మైకులో స్పష్టంగా చదివితే జనం దాన్ని విని, అర్థం చేసుకుని, ఆ ప్రకారం నడుచుకుంటారని నేను పూర్తిగా నమ్మిన రోజులవి. అంత గట్టి నమ్మకం మళ్ళీ నాకు దేని మీదా కలగలేదు.

డిగ్రీ అయిన మరుసటి ఏడే వత్సవాయి దగ్గర ఒక ఊళ్ళో గ్రామ సచివాలయంలో ఉద్యోగం వచ్చింది. మా ఇల్లు నందిగామలో. రోజూ రెండు బస్సులు మారి ఏం తిరుగుతావని, అదే ఊళ్ళో ఉన్న మా పెద్దమ్మ నన్ను తన ఇంట్లోనే ఉంచుకుంది. పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. ఆవిడకు పిల్లలు లేరు కాబట్టి నా ఉద్యోగం ఆవిడకే వచ్చినట్టు సంబరపడింది. నా మెళ్ళో గుర్తింపు కార్డు వెనక్కి తిరిగి ఉంటే, దాన్ని ఫొటో కనపడేలా తిప్పి మరీ గుమ్మం దాటనిచ్చేది. పెద్దనాన్న పద్ధతి వేరు. పత్తి, వరి వేసే రైతు, సొంత ట్రాక్టరు, నోట్లో ఎప్పుడూ చుట్ట. నేను సాయంత్రం ఇంటికి రాగానే కుర్చీలోంచి సగం లేచి, “రండి మేడం గారు” అని మళ్ళీ కూర్చునేవాడు. (మేడం గారికి అప్పటికింకా ట్రాక్టరు శబ్దానికి ఉలిక్కిపడే అలవాటు పోలేదు.)

ఫిబ్రవరి పోయి మార్చి వచ్చేసరికి మా వైపు నేల సంగతి మీకు తెలిసే ఉంటుంది. వరి కోసిన చేలలో కొయ్యలు ఎండి గలగలమంటుంటాయి. పీకేసిన పత్తికట్టె గట్ల మీద కుప్పలుగా ఉంటుంది. వేపచెట్లు ఆకంతా దులిపేసుకుంటాయి. పైగా పడమటి గాలి. ఆ ఏడు ఎండలు మరీ ముందుగా ముదిరాయి. పక్క మండలంలో ఎవరో కొయ్యలు తగలబెడితే ఆ మంట నాలుగు చేలు దాటి ఒక పశువుల పాకను మింగేసిందట. దాంతో మండలం ఆఫీసు నుంచి పెద్ద సారు మాకు గట్టిగా చెప్పారు, ఊళ్ళో ఎవరూ ఆరుబయట మంటలు పెట్టకుండా చూడండమ్మా అని. సచివాలయంలో అందరికంటే చిన్నదాన్ని, అందరికంటే ఖాళీగా ఉన్నదాన్ని కాబట్టి ఆ పని నాకు పడింది. నేనది పడటం అనుకోలేదు, దక్కడం అనుకున్నాను.

వెంటనే ఒక ప్రకటన రాశాను. “గ్రామ ప్రజలకు, రైతు సోదరులకు విజ్ఞప్తి. వేసవి దృష్ట్యా వరి కొయ్యలు, పత్తికట్టె, ఇళ్ళ వద్ద చెత్తాచెదారం తగలబెట్టరాదు. తప్పనిసరై మంట పెట్టదలచినవారు ముందుగా సచివాలయంలో తెలియజేయాలి. గాలి లేని వేళ, చుట్టూ దున్ని, నీళ్ళు దగ్గర ఉంచుకుని మాత్రమే పెట్టాలి. మంట పూర్తిగా ఆరేవరకు మనిషి అక్కడి నుంచి కదలరాదు.” దాన్ని పెద్దమ్మ ఇంట్లో, నడిమింట్లో తలుపులేసుకుని ఫోనులో రికార్డు చేశాను. తలుపులు నా గొంతు బయటకు పోకుండా ఆపాయి గానీ బయటి గొంతులు లోపలికి రాకుండా ఆపలేదు. సరిగ్గా ‘కదలరాదు’ అన్న మాట తర్వాత వంటింట్లోంచి పెద్దమ్మ, “బుజ్జీ, పాలు పొంగుతున్నాయి చూడవే” అంది. అదీ రికార్డయింది. నేను గమనించలేదు. ఊరు గమనించింది.

ఆ రికార్డును ఊరంతా తిప్పింది మైకు బాబాయి. వాళ్ళది పెద్దమ్మగారి దొడ్డి వెనక ఇల్లు, తరాలుగా ఇరుగుపొరుగు. రంజాన్‌కి వాళ్ళ ఇంటి నుంచి సేమ్యా రాకపోతే పెద్దనాన్న గోడ మీదుగా గొంతెత్తి అడిగే చనువు. బాబాయి ఆటోకి రెండు మైకులు కట్టి చుట్టుపక్కల ఊళ్ళలో ప్రకటనలు చెప్పేవాడు, దాంతోపాటు కొద్దిగా మిర్చి కూడా వేసేవాడు. ఉదయం, సాయంత్రం నా గొంతు వీధివీధికీ వెళ్ళి, పత్తికట్టె తగలబెట్టరాదని చెప్పి, చివర్లో పాలు పొంగుతున్నాయని కూడా చెప్పి వచ్చేది. వారం తిరిగేసరికి నాకు ఊళ్ళో పేరొచ్చింది. పాలపొంగు మేడం.

పేరుతో ఆగితే బాగుండేది. టీ కొట్టు ముందు నుంచి వెళ్తుంటే కొట్టాయన నన్ను ఆపి, “మేడం, పొయ్యి అంటించుకోమంటారా? గాలి చూస్తే కొంచెం పడమటగా ఉందండి” అని ఎంతో వినయంగా అడిగేవాడు. ఒకాయన ఫోన్ చేసి దోమలబత్తికి కూడా సచివాలయంలో చెప్పాలా అన్నాడు. (నేను అక్కర్లేదని, కాకపోతే కర్టెన్లకు దూరంగా పెట్టమని శ్రద్ధగా చెప్పాను. అవతల నలుగురు నవ్వుతున్న సంగతి ఫోను పెట్టేశాక తట్టింది.) ఇక పెద్దనాన్న అయితే భోజనం చేసి అరుగు మీద కూర్చుని, చుట్ట నోట్లో పెట్టుకుని, అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని నా వంక చూసేవాడు.

“ఏమ్మా, ముట్టించుకోనా? చుట్టూ దున్నమంటావా?”

“పెద్దనాన్నా, మీ పత్తికట్టె సంగతి చెప్పండి ముందు. తగలబెట్టరు కదా?”

“మా నాయన తగలబెట్టాడు, నేను తగలబెడుతున్నా. ఇన్నేళ్ళూ ఊరేమన్నా కాలిపోయిందా?”

“పక్క మండలంలో పాక కాలిపోయిందిగా.”

“అది వాళ్ళ తెలివితక్కువ.”

అప్పుడు వంటింట్లోంచి పెద్దమ్మ గిన్నెలు చప్పుడు చేస్తూ వచ్చేది. “పిల్ల మైకులో గొంతు పోయేట్టు చెప్తుంటే బుద్ధి లేదా మీకు? ఊరంతా వింటోంది, మీకొక్కళ్ళకే ఎక్కదు” అని దులిపేసేది. ఆటో మా వీధిలోకి వస్తే చాలు, పెద్దమ్మ చేస్తున్న పని ఆపి గుమ్మంలోకి వచ్చి, కొంగు భుజం మీదికి లాక్కుని, ప్రకటన మొత్తం అయ్యేదాకా నిలబడి వినేది. ఊళ్ళో నాకున్న ఏకైక అనుచరురాలు. ఆవిడ పోరు పడలేకో, నా మొహం చూసి జాలిపడో, పెద్దనాన్న పత్తికట్టెను తగలబెట్టకుండా గట్టు మీదే ఉంచాడు. అది నా తొలి విజయమని సచివాలయంలో అందరికీ చెప్పుకున్నాను.

ఆ ఊపులోనే అవగాహన సదస్సు పెడదామన్నాను. పెద్ద సారు వస్తామన్నారు. సచివాలయం ముందు షామియానా, కుర్చీలు, బాబాయి మైకులు. ఎండ ముదిరేలోపు ముగించాలని పొద్దున్నే పెట్టాం. జనం బాగానే వచ్చారు. (సగం మంది పాలపొంగు మేడం ఎదురుగా నిలబడి ఎలా మాట్లాడుతుందో చూద్దామని వచ్చారని తర్వాత తెలిసింది.) పెద్దనాన్న రానన్నాడు. “రోజూ ఇంట్లో వింటున్నదేగా, మళ్ళీ కుర్చీలో కూర్చుని వినాలా” అని ట్రాక్టరు తీసుకుని చెరువు కింద చేనికి దుక్కికి వెళ్ళిపోయాడు. పెద్దమ్మ మాత్రం కాస్త ఆలస్యంగా, ఆయాసపడుతూ వచ్చింది. మా అన్నయ్య పెళ్ళికి కట్టిన చిలకపచ్చ పట్టుచీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, తిన్నగా మొదటి వరసలో కూర్చుంది. పెద్ద సారు ఆవిడ వంక చూసి, ఊరి సర్పంచి గారేమో అనుకుని నమస్కారం పెట్టారు. పెద్దమ్మ కూడా అంతే గంభీరంగా తిరిగి పెట్టింది.

నా ప్రసంగం మొదలైంది. కాగితం చూడకుండా మాట్లాడాలని రాత్రంతా బట్టీపట్టాను. కొయ్యలు దున్నేస్తే నేలకు బలమన్నాను. పత్తికట్టెను ముక్కలు చేసే యంత్రాలున్నాయన్నాను. ఒక చిన్న నిప్పురవ్వ గాలికి ఎంత దూరం పోతుందో చేతులు చాచి చూపించాను. పెద్దమ్మ ప్రతి మాటకూ తలాడిస్తోంది, అటూ ఇటూ చూసి తలాడించని వాళ్ళను గుర్తుపెట్టుకుంటోంది. “అన్నిటికంటే ముఖ్యం,” అని వేలెత్తాను, “మంట పెట్టి, అదే ఆరిపోతుందిలే అని వదిలేసి వెళ్ళకూడదు. ఆరినట్టు కనపడుతుంది. అడుగున నిప్పు ఉంటుంది. గాలొస్తే లేస్తుంది.”

పెద్దమ్మ తల ఆడటం ఆగిపోయింది. నా మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా లేచి, ఎవరి వంకా చూడకుండా, షామియానా పక్కనుంచి బయటికి నడిచింది. నాలుగడుగులు మర్యాదగా వేసి, మలుపు తిరగ్గానే పరుగందుకుంది.

నాకు మనసు చివుక్కుమంది. పెద్దమ్మకే విసుగొచ్చిందంటే ఇక మిగతా వాళ్ళ సంగతేమిటి? గొంతు పెంచాలా, కథేమైనా చెప్పాలా అని ఆలోచిస్తూనే మాట్లాడుతున్నాను. ఇంతలో వెనక వరసలో ఎవరో దగ్గారు. తర్వాత ఇద్దరు దగ్గారు. తర్వాత ఒక పెద్దాయన అదేపనిగా తుమ్మడం మొదలుపెట్టాడు. ఆ పడమటి గాలి షామియానాను ఒక్క ఊపు ఊపి, తనతో తెచ్చిందంతా మా మధ్య దింపింది. మిరపకాయ పొగ అది. పోపులో ఒక్క ఎండుమిరపకాయ మాడితేనే ఇంట్లో నిలవలేం కదా, ఇది ఏడాది కారానికి సరిపడా మాడినట్టుంది. చూస్తుండగా మీటింగంతా తువ్వాళ్ళు, కొంగులు మొహాలకడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు కారుస్తోంది. పెద్ద సారు కళ్ళద్దాలు తీసి జేబురుమాలుతో తుడుచుకుంటున్నారు. నేను కూడా ఏడుస్తూనే, రెండు వాక్యాలున్నాయి కదా పూర్తిచేద్దామని పూర్తిచేశాను. మీటింగు రాసుకోవడానికి వచ్చిన ఒక పత్రిక విలేకరి అలవాటు కొద్దీ ముందు ఫొటో తీసి ఆఫీసుకి పంపేసి, ఆ తర్వాత దగ్గడం మొదలుపెట్టాడు.

మైకు బాబాయి ఒక్కడే పొగ వచ్చే వైపు చూశాడు. “అది మా ఇళ్ళ వైపే” అన్నాడు. మరో మాట లేకుండా పరుగెత్తాడు.

ఇక్కడ కొంచెం ఆ చోటు చెప్పాలి. పెద్దమ్మ దొడ్లో ఒక మూల గడ్డివాము, దాని పక్కన గేదె. దొడ్డికి ఎండు ముళ్ళకంపతో కంచె. కంచె అవతల బాబాయి కల్లం. ఆ కల్లంలో అతని మిర్చి మొత్తం ఎండి, కుప్పలు చేసి, పట్టాలు కప్పి, గుంటూరు పంపడానికి సిద్ధంగా ఉంది. ఏడాదంతా భార్యాభర్తలు మందులు కొట్టి, నీళ్ళు పెట్టి, కూలీలతో పాటు తామూ కోసి దాచుకున్న పంట అది. నేను అందరితో పాటు పరుగెత్తి వెళ్ళేసరికి కంచె సగం దూరం చిటపటలాడుతూ అంటుకుంది, వాము ఒక పక్క పొగ చిమ్ముతోంది. పెద్దమ్మ పట్టుచీర మోకాళ్ళ దాకా ఎగదోపి, గేదెను విప్పి వీధిలోకి తోలి, గేదె తాగే కుడితి గోళెంలోంచి బిందెతో నీళ్ళు ముంచి వాము మీద పోస్తోంది. ఆవిడ మొహం చూస్తే నాకు భయమేసింది. బాబాయి భార్య కుప్పల మీద పట్టాల అంచులు పట్టుకుని గుంజుతోంది. ఎటు తీసుకుపోవాలో ఆవిడకూ తెలియడం లేదు, సాయానికి వచ్చిన వాళ్ళకూ తెలియడం లేదు. ఎవరికి తోచిందల్లా వాళ్ళు అరుస్తున్నారు.

బాబాయి ఆటో ఇంటి ముందే ఉంది. మీటింగుకి ఇవ్వగా మిగిలిన మైకు దానికే ఉంది. నేను వెళ్ళి తీసుకున్నాను. అందరికీ ఒకే గొంతు వినపడితే పని జరుగుతుందని తోచింది. బాగానే తోచింది. కానీ నోరు తెరిస్తే వచ్చింది మాత్రం, “గ్రామ ప్రజలకు, రైతు సోదరులకు విజ్ఞప్తి. వేసవి దృష్ట్యా వరి కొయ్యలు, పత్తికట్టె...”

అందరూ ఒక్క క్షణం ఆగి నా వంక చూశారు. కంగారులో నాకు బట్టీపట్టింది తప్ప ఇంకేం రావడం లేదు. నా వెనకే వచ్చిన పెద్ద సారు దగ్గుతూ, “అది అయిపోయిందమ్మా. తర్వాతది చెప్పు” అన్నారు. ఆ మాటతో నాకు తెలివొచ్చింది. గాలి వచ్చే వైపుకి రమ్మన్నాను, పొగలోకి ఎవరూ పోవద్దన్నాను. మందులు కొట్టే డ్రమ్ములున్న వాళ్ళు నీళ్ళతో తీసుకురమ్మన్నాను. కుప్పలు మోయొద్దు, పట్టాల మీద గోనెసంచులు పరిచి తడపమన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది, ఎందుకంటే ఈసారి జనం నిజంగానే చెప్పినట్టు చేస్తున్నారు.

అప్పుడు వచ్చింది పెద్దనాన్న ట్రాక్టరు. పొగ చూసి చేను మధ్యలోంచే దుక్కి గొర్రుతో సహా వచ్చేశాడు. దిగలేదు, ఎవరినీ అడగలేదు. అంటుకోని చోట కంచెను ట్రాక్టరుతోనే తొక్కి పడేసి, వాముకీ కల్లానికీ మధ్య గొర్రు దించి, అటొకసారి ఇటొకసారి నేలను తిరగేసుకుంటూ పోయాడు. చుట్ట ముట్టించేటప్పుడు నన్ను ఏడిపించడానికి వాడిన ‘చుట్టూ దున్నడం’ అదే. పచ్చి మన్ను పైకొచ్చిన చోటికి వచ్చి మంట ఆగిపోయింది. కాస్త తచ్చాడింది, తినడానికేమీ దొరక్క చల్లబడింది. జగ్గయ్యపేట నుంచి ఫైరింజను వచ్చేసరికి కంచె బూడిదయింది, వాము సగం పోయింది. కల్లంలో ఒక్క కాయ కూడా మాడలేదు. ఫైరింజను వాళ్ళు మిగిలిన వామును విప్పి, అడుగు దాకా తడిపారు. బాబాయి భార్య పట్టా అంచు పైకెత్తి, లోపల ఎర్రగా ఉన్న కాయలు చూసుకుని, అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపుకి మాత్రం పొగ కారణం కాదు.

అంతా సద్దుమణిగాక పెద్ద సారు ఎర్రబడ్డ కళ్ళతో చుట్టూ చూసి అడిగారు. “ఇంతకీ ఎవరండీ అంటించింది?”

పెద్దనాన్న ట్రాక్టరు దిగి తువ్వాలుతో మొహం తుడుచుకుని, “నేనేనండి” అన్నాడు.

“ఆయన పొద్దుననగా చేనుకి పోతే ఎట్లా అంటిస్తాడండి?” అంటూ పెద్దమ్మ ముందుకొచ్చింది. తలలో పూలు చెవి పక్కకు వేలాడుతున్నాయి. “నేనే. కారానికి మిరపకాయలు తొడిమలు తీశాం మొన్న. ఆ తొడిమలు, పగిలిన కాయలు, వేపాకు కలిపి ఊడ్చి అంటించా. ఆరినట్టే ఉంది. ఇది మాట్లాడే టైమైపోతోందని చీర మార్చుకుని వచ్చేసా.”

“రోజూ మైకులో చెప్తోంది కదమ్మా ఈ అమ్మాయి?”

“చెప్తంది సార్. రోజూ గుమ్మంలో నిలబడి వింటన్నా. అయితే దాని గొంతు వింటం గానీ, అదేం చెప్తందో ఎప్పుడు విన్నాను? ఇవాళ ఎదురుగా కూర్చుని వింటే తెలిసింది.” అని బాబాయి వైపు తిరిగింది. “తప్పయిపోయింది మరిదీ. నీ పంట మీదికి తెచ్చా.”

“ఊరుకో వదినా. కంచె నేనేస్తాలే, ఈసారి కంప వద్దు” అన్నాడు బాబాయి.

పెద్ద సారు కోప్పడతారనుకున్నాం. నా వంక తిరిగి, “ఏమ్మా, పక్క ఊళ్ళల్లో మీటింగులకి నువ్వు రాసుకున్నదేం వద్దు. ఈవిడని తీసుకురా. జరిగింది జరిగినట్టు చెప్తే చాలు” అన్నారు. నా బట్టీ ప్రసంగానికి ఆ దొడ్లోనే, బూడిద మధ్య, నీళ్ళొదిలాను.

మర్నాడు పత్రికలో మా మీటింగు ఫొటో పడింది. షామియానా కింద ఊరంతా కొంగులతో, తువ్వాళ్ళతో కళ్ళొత్తుకుంటోంది. ఎదురుగా చెయ్యెత్తి నేను. కింద, ‘సచివాలయ ఉద్యోగిని ప్రసంగానికి కంటతడి పెట్టిన రైతులు’ అని ఉంది. మంట వార్త అదే పేజీలో ఇంకో మూల, ఈ ఫొటోతో ఏ సంబంధమూ లేనట్టు పడింది. నందిగామలో మా అమ్మ ఆ పేపరు పట్టుకుని వీధంతా తిరిగింది. ఫోన్ చేసి, “అంత ఏడిపించేట్టు ఏం మాట్లాడావే?” అని అడిగింది. నేను చెప్పలేదు. (ఇది చదివాక తెలుస్తుంది.) పెద్దనాన్న పత్తికట్టె ముక్కలు చేసే యంత్రాన్ని అద్దెకు తెప్పించి, ఆ ముక్కలు చేలో కలిపి దున్నేశాడు. మేడం మాట విన్నందుకు కాదనీ, ఇంట్లో ఒకళ్ళు అంటించడం చాల్లే అనుకున్నందుకనీ ఊరంతా చెప్పుకొచ్చాడు.

పెద్దమ్మ ఆ వేసవిలో నాలుగైదు ఊళ్ళలో మాట్లాడింది. మైకు పట్టుకోవడం కూడా రాదు, నోటికి ఎడంగా పట్టుకునేది. “నేను మంచిదాన్నే, మంట కూడా చిన్నదే” అని మొదలుపెట్టేది. జనం గుసగుసలు మానేసి వినేవాళ్ళు. నేను పక్కన ఆవిడ చేతిసంచి, మంచినీళ్ళ సీసా పట్టుకుని నిలబడేదాన్ని. చివరి మీటింగు నందిగామ అవతల కీసరలో. అది అయిపోయాక హైవే పక్కన బస్సు కోసం నిలబడ్డాం. లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. నా మొహం చూసి పెద్దమ్మ అడిగింది.

“ఏంటే, మూతి ముడుచుకున్నావ్?”

“ఏం లేదు పెద్దమ్మా. నువ్వు చెప్తే ఎంత శ్రద్ధగా విన్నారో చూశావా?”

పెద్దమ్మ నా మెడ దగ్గర చెమట తన కొంగుతో తుడిచింది.

“నువ్వు చెప్పినప్పుడు కూడా వినేవాళ్ళేనే. దగ్గు అడ్డమొచ్చింది గానీ” అంది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. బస్సు నందిగామ చేరేదాకా, కిటికీ పక్కన కూర్చుని, ఆ మాట నిజమేనని నమ్ముతూ వెళ్ళాను.